మొక్కను చూసి కాదు, మానును చూసి నాటాలి

మన పట్టణాల్లో రోడ్ల మధ్య డివైడర్ల మీద, ఆఫీసుల ప్రహరీల వెంట, కొత్త కాలనీల గేట్ల ముందు కొన్నేళ్ళ క్రితం ఒకే మొక్క బారులు తీరింది. దాని పేరు కోనోకార్పస్. నీళ్ళు పోస్తే చాలు, రెండు మూడేళ్ళలో మనిషిని మించి పెరిగింది. ఆకు రాల్చకుండా ఏడాది పొడుగునా పచ్చగా నిలిచింది. కత్తిరిస్తే గోడలా చక్కగా కుదిరింది. అధికారులు మెచ్చుకున్నారు, వచ్చిపోయేవారూ మెచ్చుకున్నారు. ఇప్పుడు అదే మొక్కను ఊరూరా రంపాలు పెట్టి కోస్తున్నారు. నాటినప్పుడు పెట్టిన డబ్బు ప్రజలది. కోయడానికి పెడుతున్న డబ్బూ ప్రజలదే. మధ్యలో ట్యాంకర్లతో పోసిన నీళ్ళ సంగతి ఎవరూ లెక్క కట్టరు.

కోనోకార్పస్ మీద ఇప్పుడు చాలా నిందలున్నాయి. దాని పుప్పొడి వల్ల దగ్గు, ఆయాసం వస్తాయని కొందరంటారు. దానికి తగిన రుజువులు లేవని మరికొందరు శాస్త్రజ్ఞులంటారు. ఆ వాదం తేల్చవలసినవారు వారే. ఈ వ్యాసం అడుగుతున్నది మరో సంగతి. ఏ చెట్టును ఎక్కడ, ఏ పని కోసం నాటాలన్న ఆలోచన మన దగ్గర ఎవరైనా చేస్తున్నారా? చేయనంతకాలం ఒక కోనోకార్పస్ పోతే ఇంకొక కోనోకార్పస్ వస్తుంది.

గల్ఫ్‌లో పనికొచ్చింది ఇక్కడికెందుకు?

ఈ చెట్టును మన జిల్లాల్లో అందరికంటే బాగా ఎరిగినవారు గల్ఫ్‌కు పోయివచ్చినవారే. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల నుంచి దుబాయి, కువైట్, సౌదీ పోయి అక్కడి పార్కుల్లో, రోడ్ల పక్కన తోటపని చేసిన కూలీలు ఎందరో ఉన్నారు. ఈ చెట్టుకు నీళ్ళు పెట్టి, కత్తెర పట్టి గోడలా తీర్చిన చేతుల్లో మనవారి చేతులూ ఉన్నాయి.

దీని పుట్టిల్లు సోమాలియా, జిబౌటి, యెమెన్ తీర ప్రాంతం. ఎండకు, ఉప్పు నీటికి, ఇసుకకు తట్టుకుంటుంది. వేరే చెట్టు బతకడమే కష్టమైన ఎడారిలో ఇసుక గాలికి అడ్డుగా దీన్ని పెంచారు. మురుగునీటిని శుద్ధి చేసి దానికి పారించారు. అక్కడ అది ఒక అవసరానికి వచ్చింది. అయినా అక్కడ కూడా ఇళ్ళ మధ్య నాటిన చోట వేర్లు నీటి గొట్టాల్లోకి, మురుగు కాలువల్లోకి చొరబడుతున్నాయని కువైట్‌లోనూ ఇరాక్‌లోనూ ఫిర్యాదులు లేచాయి.

మనది ఎడారి కాదు. నాలుగు నెలల వానాకాలం ఉంది, ఎర్ర చెలకలున్నాయి, నల్లరేగళ్ళున్నాయి. రాష్ట్రంలో ఎక్కువ వానలు కురిసే ప్రాంతాల్లో ఆదిలాబాద్ ఒకటి. వందలాది జాతుల చెట్లు అడవుల్లో వాటంతటవే పెరిగే చోట ఎడారి చెట్టు తెచ్చి డివైడర్ మీద పెట్టవలసిన అగత్యం ఏముంది? త్వరగా పెరుగుతుంది, చావదు అన్న రెండు గుణాలు తప్ప వేరే కారణం కనిపించదు. మన రాష్ట్రంలో 2022లోనే నర్సరీల్లో దీన్ని పెంచవద్దని ఆదేశాలు వచ్చాయి. గుజరాత్ ప్రభుత్వం 2023 సెప్టెంబర్‌లో నాటడాన్ని నిషేధించింది. తమిళనాడు కూడా 2025లో అదే దారి పట్టింది. ఆదేశాలు మంచివే. కాని ఫలానాది నాటవద్దు అని చెప్పినంత గట్టిగా, ఫలానా చోట ఫలానాది నాటండి అని చెప్పినవారు లేరు.

మేస్త్రీ అడిగే ప్రశ్నలు

ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ ఎన్ని ప్రశ్నలు అడుగుతాడు! ఇసుక మానేరుదా, వాగుదా అని చూస్తాడు. పునాదికి ఏ రాయి, దర్వాజకు ఏ కర్ర, పైకప్పుకు ఎంత బరువు అని లెక్క వేస్తాడు. దూలానికి వాడే కర్ర కిటికీకి వాడడు. దేని పని దానిది.

చెట్టు కూడా అలాంటి సామగ్రే. మాను స్తంభం, కొమ్మల గుబురు కప్పు, పొదల వరస గోడ, గడ్డి నేల, పూలు రంగు. తోట వేయడమంటే వీటితో ఒక చోటును కట్టడమే. అయితే ఒక తేడా ఉంది. ఇటుక పెట్టిన రోజు ఎంతో, పదేళ్ళకూ అంతే ఉంటుంది. మొక్క అలా కాదు. ఇవాళ జానెడు ఉన్నది ఇరవై ఏళ్ళకు నలభై అడుగులు అవుతుంది. దాని వేర్లు కనపడకుండా నేల కింద పాకుతాయి. ఒక నెలలో ఆకు రాలుస్తుంది, ఒక నెలలో పూస్తుంది, ఒక నెలలో కాస్తుంది. కాబట్టి నాటేవాడు చేతిలోని మొక్కను కాదు, రాబోయే మానును కళ్ళ ముందు పెట్టుకోవాలి.

మొక్కై వంగనిది మానై వంగునా అని పిల్లల పెంపకం గురించి పెద్దలు చెప్పారు. చెట్ల విషయంలో అది అక్షరాలా నిజం. మొక్కగా ఉన్నప్పుడు చోటు మార్చవచ్చు. మానైన తర్వాత మార్చేది రంపమే.

పాతకాలపు వారి లెక్క

మన ఊళ్ళు ఈ లెక్క తెలియనివి కావు. ఏ పాత ఊరికి పోయినా చూడవచ్చు. నలుగురు కూర్చుని పంచాయితీ చేసే గద్దె మీద వేపో రావో ఉంటుంది. వేప మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాల్చి, ఉగాది నాటికి కొత్త చిగురు, పూత పట్టి, ఎండలు ముదిరే వేళకు దట్టమైన నీడ ఇస్తుంది. జనం చెట్టు కింద ఎక్కువసేపు కూర్చునేది ఆ కాలంలోనే. పోచమ్మ గుడి దగ్గరా వేపే. చెరువు కట్టకు ఈత, తాడు ఉంటాయి. వాటి నీడ తక్కువ, గీత కార్మికునికి బతుకుతెరువు ఎక్కువ. చెరువు శిఖంలో నీళ్ళు నిలిచినా చావని నల్లతుమ్మ ఉంటుంది. పెరటి దడికి మైదాకు, చేను గట్టుకు వాయిలి, పొలిమేరకు కిత్తనార. మర్రిని ఇంటి గోడ పక్కన ఎవరూ పెట్టరు, ఊరి బయట విశాలంగా ఉన్న చోట వదిలేస్తారు.

ఇవన్నీ పుస్తకంలో చదివి చేసినవి కావు. ఏ చెట్టు ఎంత పెరుగుతుందో, ఎవరికి అక్కరకు వస్తుందో తరతరాలుగా చూసి చేసినవి. హైదరాబాద్ నుంచి చేవెళ్ళ మీదుగా బీజాపూర్ పోయే రహదారికి అటూ ఇటూ నిజాం కాలంలో నాటిన మర్రిచెట్లు ఇటీవల రోడ్డు వెడల్పు వచ్చేవరకు సొరంగంలా నీడ పట్టి నిలిచాయి. వాటిని కాపాడాలని ప్రకృతి ప్రేమికులు హరిత ట్రిబ్యునల్ దాకా పోయారు. ఎద్దుబండ్ల కాలంలో నీడ కోసం నాటిన చెట్టు కార్ల కాలంలోనూ జనం చేత తన తరఫున కొట్లాడించింది. సరైన చోట సరైన చెట్టు నాటితే ఎన్ని తరాలు పనికొస్తుందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

లెక్కలు పెరిగాయి, లెక్క తప్పింది

2015 జులై 3న చిలుకూరులో తెలంగాణకు హరితహారం మొదలైంది. రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి పెంచాలని లక్ష్యం పెట్టుకున్నారు. ఊరూరా నర్సరీలు వెలిశాయి. 2018 పంచాయతీరాజ్ చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బతికించే బాధ్యతను సర్పంచు మీద, కార్యదర్శి మీద పెట్టింది. పంచాయతీ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలన్నది. ప్రతి పంచాయతీకి ట్రాక్టరు, ట్యాంకరు వచ్చాయి. 2020 నుంచి ఊరూరా పల్లె ప్రకృతి వనాలు వచ్చాయి. ఇంత పెద్ద ఎత్తున చెట్ల పని మన రాష్ట్రంలో అంతకు ముందు జరగలేదు. దాని ఫలితం చాలా ఊళ్ళలో కళ్ళకు కనిపిస్తున్నది. ఆ మేలు ఒప్పుకోకపోవడం అన్యాయం.

కాని చట్టం అడిగింది ఎన్ని బతికాయని. ఏవి బతికాయని, ఎక్కడ బతికాయని అడగలేదు. చావకూడదు అన్న భయం పట్టుకున్న సర్పంచు ఏం చేస్తాడు? మేక ముట్టనిది, నీళ్ళు ఒక వారం తప్పినా తట్టుకునేది, ఆరు నెలల్లో ఎత్తు కనిపించేది ఏదో అదే నాటుతాడు. తనిఖీకి వచ్చిన అధికారికి పచ్చగా కనపడితే చాలు. సర్పంచును తప్పు పట్టలేం. అడిగిన లెక్కే అలాంటిది.

ప్రకృతి వనాల సంగతీ అంతే. చాలా చోట్ల మియావాకి పద్ధతి అని దగ్గర దగ్గరగా మొక్కలు పెట్టారు. అకిరా మియావాకి (1928–2021) జపాన్ వృక్షశాస్త్రజ్ఞుడు. ఆయన పద్ధతిలో మొక్కలు దగ్గరగా పెట్టడం ఒక భాగం మాత్రమే. దానికంటే ముఖ్యమైనది, ఆ నేలలో మనుషుల జోక్యం లేకుంటే ఏ అడవి పెరిగేదో ఆ జాతులనే వెతికి తెచ్చి నాటడం. మనం దగ్గరగా నాటడం తీసుకున్నాం, స్థానిక జాతుల సంగతి చాలా చోట్ల వదిలేశాం. నర్సరీలో ఏది ఎక్కువగా ఉంటే అది పెట్టాం.

ఎక్కడ ఏది?

విమర్శించడం సులభం, మరి ఏం చేయాలో చెప్పండి అని అధికారులు అడగవచ్చు. అడగాలి కూడా. కొన్ని చోట్ల సంగతి చూద్దాం.

ముందు డివైడరు. అక్కడ మొక్కకు రెండు పనులు. రాత్రి ఎదురు వచ్చే బండి లైటు కళ్ళలో పడకుండా ఆపాలి. రోడ్డు దాటే మనిషిని, పశువును డ్రైవరుకు కనపడకుండా దాచకూడదు. అంటే నడుము ఎత్తు నుంచి ఛాతీ ఎత్తు వరకు ఉండే పొద కావాలి. మట్టి తక్కువ, వేడి ఎక్కువ, పొగ ఎక్కువ. ఈ పనికి గన్నేరు ఎప్పటినుంచో పనికొస్తున్నది. కాగితం పూల చెట్టు పనికొస్తుంది. వీటికంటే మనకు దగ్గరిది తంగేడు. రాళ్ళ నేలలో, నీళ్ళు లేని చోట తనంతట తాను పెరుగుతుంది, పశువులు పెద్దగా ముట్టవు, పసుపు పచ్చగా పూస్తుంది. 2014లో తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు. ప్రకటించిన తర్వాత ఎన్ని డివైడర్ల మీద పెట్టారో పాఠకులే చూసి చెప్పాలి. ఖరీదైన పామ్ చెట్లు మాత్రం చాలా చోట్ల కనిపిస్తాయి. వాటి నీడ ఒక కాకికి కూడా సరిపోదు.

తర్వాత జనం నిలబడే చోట్లు. బస్టాండు, వారపు అంగడి, ప్రభుత్వ ఆసుపత్రి, బడి, వడ్లు కొనే కేంద్రం. ఇక్కడ కావలసింది నీడ, అదీ ఏప్రిల్, మే నెలల్లో. ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే సగం చెట్లు పక్కకు పోతాయి. టేకు మన అడవుల గర్వకారణమే, కాని ఎండాకాలంలో మోడుగా ఉంటుంది. రేల ఎండల్లో బంగారు గొలుసులు వేలాడేసినట్టు పూస్తుంది గాని అప్పుడు ఆకు పలుచన. ఆఫీసుల ముందు బారులు తీరే అశోక చెట్లు అసలు అశోకాలే కావు, నరమామిడి జాతి. సన్నగా పైకి పోతాయి తప్ప కింద మనిషికి నీడ ఉండదు. నీడకు కానుగ, వేప, చింత, నేరేడు, రావి మించినవి లేవు. కానుగ మార్చి, ఏప్రిల్‌లలో ఆకు మార్చుకుని, ఎండ పెరిగే వేళకు మళ్ళీ కొత్త ఆకుతో నిండిపోతుంది. తురాయి అందంగా పూస్తుంది. కాని దాని కొమ్మ పెళుసు. గాలిదుమారం వచ్చే వేళ జనం నిలబడే చోట దాన్ని పెట్టడం ప్రమాదం.

మూడోది కరెంటు తీగల కింద. ప్రతి వానాకాలానికి ముందు విద్యుత్ సిబ్బంది వచ్చి తీగలకు తగిలే కొమ్మలు కొట్టేస్తారు. వారిని తిట్టి లాభం లేదు, వారి పని వారిది. తీగ కింద వేప నాటినవాడు దాని తల కొట్టించడానికే నాటాడు. అక్కడ పారిజాతం, కరివేపాకు, దానిమ్మ, గన్నేరు వంటి చిన్నవి సరిపోతాయి. వేప, కానుగల వంటివి తీగకు అవతలి పక్క పెట్టి, ఒకదానికొకటి కనీసం 25 నుంచి 30 అడుగుల ఎడం ఇవ్వాలి. రావి, మర్రి అయితే దానికి రెట్టింపు ఇచ్చినా ఎక్కువ కాదు.

నాలుగోది వాగు ఒడ్డు, నది ఒడ్డు. కరీంనగర్‌లో దిగువ మానేరు డ్యాం పక్కన పార్కులున్నాయి. మానేరు తీరాన్ని అందంగా తీర్చాలన్న పథకమూ ఉంది. సిమెంటు ఎంత పోస్తారు, లైట్లు ఎన్ని పెడతారు అన్న చర్చ చాలా జరిగింది. ఏ చెట్టు నాటుతారన్న చర్చ అంతగా వినిపించదు. నది ఒడ్డుకు నదే కొన్ని చెట్లను ఎంచుకుంది. తెల్లమద్ది, నేరేడు, మేడి, కానుగ, వాయిలి. వీటి వేర్లు ఒడ్డు మట్టిని పట్టి ఉంచుతాయి. మేడి, నేరేడు పండ్లు పక్షులకు ఆహారం. వీటిని పీకి లాన్ గడ్డి పరిస్తే దానికి రోజూ నీళ్ళు పోయాలి, వారం వారం కోయాలి, ఆ ఖర్చు ఎప్పటికీ తీరదు.

కోతులు నేర్పిన పాఠం

మన ఊళ్ళలో కోతుల బాధ చెప్పనక్కరలేదు. రైతు మక్క చేను వదులుకున్నాడు, కూరగాయలు వదులుకున్నాడు. పెంకుటిళ్ళ కప్పులు మిగలలేదు. 2020 డిసెంబర్‌లో నిర్మల్ దగ్గర చించోలి (బి) వద్ద కోతుల సంరక్షణ, పునరావాస కేంద్రం తెరిచారంటే సమస్య ఎంత పెద్దదో తెలుస్తుంది. కోతులు అడవికి వాపసు పోవాలంటే అడవిలో పండ్లచెట్లు ఉండాలని చెప్పిన మాట నిజం. కాని చాలా ఊళ్ళలో జామ, సీతాఫలం, నేరేడు తెచ్చి ఊరిని ఆనుకుని ఉన్న ప్రకృతి వనంలోనే పెట్టారు. పండు ఊరి పక్కన ఉంటే కోతి అడవికి ఎందుకు పోతుంది? అవే మొక్కలు గుట్టల మీద, అడవి అంచున పెట్టి ఉంటే ప్రయోజనం ఉండేది. ఊరి వనంలో నీడ, పూలు, మందు చెట్లు ఉండాలి. మొక్క మంచిదే అయినా చోటు తప్పితే మేలు కీడు అవుతుందనడానికి ఇదే నిదర్శనం.

బతుకమ్మకు పువ్వేది?

ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు పూలు కావాలి. ఒకప్పుడు ఆడపిల్లలు, మగపిల్లలు పొద్దున్నే చెలకల మీద పడి తంగేడు, గునుగు, కట్లపూలు తెచ్చేవారు. చేన్లలో గడ్డిమందు కొట్టడం మొదలైనప్పటి నుంచి గునుగు తగ్గింది. బీళ్ళు, బంచరాయిలు ప్లాట్లు అయిన తర్వాత తంగేడు తగ్గింది. ఇప్పుడు పట్టణాల్లో తంగేడు కట్ట కొనుక్కోవలసి వస్తున్నది. గునుగు బదులు రంగు కాగితాలు పెట్టినవారూ ఉన్నారు. దసరా నాడు జమ్మి చెట్టు కోసం వెతుక్కోవలసిన ఊళ్ళూ ఉన్నాయి. జమ్మి మన రాష్ట్ర వృక్షం.

చెరువు కట్ట లోపలి వాలును, తూము దగ్గరి చోటును వదిలేసి, కట్టకు ఎడంగా ఉన్న బీడు నేల వెంట తంగేడు, మధ్య మధ్య గునుగు గింజలు చల్లితే బతుకమ్మ ఆడే చోటే పువ్వు దొరుకుతుంది. పెద్ద ఖర్చు లేదు. గింజలు ఊరి ఆడవారి దగ్గరే ఉన్నాయి. ప్రకృతి వనంలో ఒక మూల జమ్మి, ఒక మూల మారేడు, ఒక వరస తంగేడు ఉంటే ఆ వనం ఊరిది అవుతుంది. ఇప్పుడు చాలా వనాలు పంచాయతీవి, ఊరివి కావు. అందుకే కొన్నింటికి తాళాలు పడ్డాయి, కొన్నింట్లో గడ్డి మొలిచింది.

మన జిల్లాల ముఖం

ఫాల్గుణంలో నిర్మల్ నుంచి ఆదిలాబాద్ ఘాట్ ఎక్కి చూడండి. ఆకు లేని మోదుగ చెట్లు నిప్పు రాజేసినట్టు పూసి ఉంటాయి. ఆ పూలతోనే ఒకప్పుడు హోలీ రంగు కాచేవారు. ఆ ఆకులే విస్తళ్ళు. నల్లరేగడిలో నీళ్ళు నిలిచినా మోదుగ బతుకుతుంది. ఉట్నూరు వైపు పోతే ఇప్ప చెట్లు. గోండులు ఇప్పను నరకరు, దైవంగా చూస్తారు. ఇప్పపువ్వుతో ఆదివాసీ మహిళలు చేసే లడ్డూలకు ఇప్పుడు మంచి పేరు వచ్చింది. నిర్మల్ కొయ్యబొమ్మలు చేసేది పొనికి కర్రతో. తేలికైన, మెత్తని ఆ కర్ర దొరకడం కష్టమవుతున్నదని కళాకారులు ఎన్నాళ్ళుగానో మొరపెట్టుకుంటున్నారు. నిర్మల్ పట్టణంలోని పార్కుల్లో, బడుల్లో పొనికి చెట్టు ఒక్కొక్కటి పెట్టి, దాని కింద ఇది బొమ్మల చెట్టు అని బోర్డు రాస్తే పిల్లలకు తమ ఊరి సంగతి తెలుస్తుంది.

ఇది కొత్త ఆలోచన కాదు. 1950లలో చండీగఢ్ కడుతున్నప్పుడు ఎం.ఎస్. రంధావా అనే ఐసీఎస్ అధికారి ఏ వీధికి ఏ చెట్టు అన్నది ముందే కాగితం మీద గీయించాడు. ఆ వీధి పూసే నెల, నీడ పడే తీరు చూసి జాతిని ఎంచారు. బ్రెజిల్‌లో రాబర్టో బర్లె మార్క్స్ అనే తోటల రూపశిల్పి ఉండేవాడు. 1928లో చదువుకోవడానికి జర్మనీ పోయి, బెర్లిన్ వృక్షోద్యానంలో గాజు గదుల్లో అపురూపంగా పెంచుతున్న తన దేశపు మొక్కలు చూశాడు. తన ఊళ్ళో కలుపు అని పీకేసే మొక్కలను అక్కడ డబ్బు పెట్టి పెంచుతున్నారు. స్వదేశం వచ్చి ఆ మొక్కలతోనే తోటలు వేసి ప్రపంచ ప్రఖ్యాతి పొందాడు. మన తంగేడు, మన మోదుగ, మన వాయిలి కూడా పరాయివాడు మెచ్చేదాకా ఆగాలా?

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. బయటి నుంచి వచ్చిన చెట్టు అంటేనే చెడ్డదని ఈ వ్యాసం అనడం లేదు. చింత చెట్టు పుట్టిల్లు ఆఫ్రికా. తురాయి మడగాస్కర్ నుంచి వచ్చింది. కాగితం పువ్వు దక్షిణ అమెరికాది. మన పచ్చి పులుసులో పడే చింతపండును పరాయిదని ఎవరంటారు? వచ్చింది, ఇమిడింది, మనకు పనికొచ్చింది. చూడవలసింది చెట్టు పుట్టిన ఊరు కాదు. ఆ చోట ఆ పనికి అది సరిపోతుందా, పెరిగిన తర్వాత ఎవరికి ఇబ్బంది, దాని మీద పక్షి వాలుతుందా, నీళ్ళు ఎవరు పోయాలి అన్నవి చూడాలి. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగిన ఏ చెట్టయినా మన చెట్టే.

ఏం చేయాలి?

మన చెట్లు ఆలస్యంగా పెరుగుతాయి, నర్సరీలో దొరకవు అని రెండు సాకులు చెబుతారు. ఆలస్యం నిజమే. వేప, కానుగ నీడకు రావడానికి ఐదారేళ్ళు పడుతుంది. కాని కోనోకార్పస్ నాటి, ఐదారేళ్ళు పెంచి, కోసి, మళ్ళీ మొదటి నుంచి నాటడం కంటే అది త్వరగానే అయినట్టు. నర్సరీలో దొరకవన్నదీ నిజమే. అడగనిది నర్సరీవాడు ఎందుకు పెంచుతాడు? పంచాయతీ ముందు ఏడాదే ఇన్ని కానుగ, ఇన్ని తంగేడు, ఇన్ని మద్ది కావాలని రాసి ఇస్తే పెంచుతాడు. కానుగ గింజ, వేప గింజ మన ఊళ్ళోనే రాలి పోతున్నాయి.

కాబట్టి జిల్లా అధికారులు, మున్సిపాలిటీలు, పంచాయతీలు ఈ కింది సంగతులు ఆలోచించాలి. మొక్కలు తెప్పించే ముందు ఊరి పటం గీసి, తీగలు, గొట్టాలు, కాలువలు ఎక్కడున్నాయో గుర్తించి, ఏ చోటికి ఏ జాతి అన్నది రాయాలి. ఆ కాగితం గ్రామసభలో చదవాలి. గొర్రెల కాపరి, గీత కార్మికుడు, పెద్దవయసు ఆడవారు ఆ నేల గుణం చెప్పగలరు, వారిని అడగాలి. జగిత్యాల దగ్గర పొలాసలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది, సిద్దిపేట జిల్లా ములుగులో అటవీ కళాశాల ఉంది. మన జిల్లాల నేలలకు, చోట్లకు తగిన చెట్ల పట్టిక ఒకటి తయారు చేసి ఇమ్మని వారిని కోరాలి. తనిఖీలో ఎన్ని బతికాయన్న గడి పక్కన సరైన చోట ఉన్నాయా అన్న గడి ఒకటి పెట్టాలి. ఇప్పుడున్న కోనోకార్పస్‌ను ఒక్క రోజులో కొట్టివేసి రోడ్లను బోడి చేయకుండా, దశలవారీగా తీసి, తీసిన చోటల్లా అదే వానాకాలంలో తగిన మొక్క పెట్టాలి.

మొక్కలు నాటినవారికి ఫోటో ఉంటుంది. నలభై ఏళ్ళ తర్వాత ఆ చెట్టు కింద కూర్చునే ముసలవ్వకు ఫోటోతో పని లేదు. అంగడి నుంచి నెత్తిన గంపతో వచ్చి, మే నెల ఎండలో గంప దించి ఊపిరి పీల్చుకోవడానికి ఆమెకు నీడ కావాలి. ఆ నీడ కొలత ఇప్పుడే, గుంత తవ్వకముందే, వేసుకోవాలి.